ఆ ‘టాపర్ల ఏడు రహస్యాలు’ ఇక పంపకండి

పరీక్షలు దగ్గరపడితే చాలు, ఆ మెసేజ్ మళ్లీ బయల్దేరుతుంది. “టాపర్ల ఏడు రహస్యాలు. ప్రతి తల్లీ తండ్రీ తప్పక చదవాలి. కనీసం పది మందికి పంపండి.” ఈ వారం అది నాకు అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, డిగ్రీ బ్యాచ్ గ్రూపులో వచ్చింది. మా పిన్ని పంపింది. చివరికి నాతోపాటు పనిచేసే లెక్చరర్ కూడా పంపాడు. నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. మిగతావాళ్లు పంపితే ఊరుకునేవాణ్ణేమో గానీ, రోజూ ఆ పిల్లల మొహాలు చూసే మనిషి కూడా ఇది పంపాడంటే నాకు కోపం ఆగలేదు.

చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది క్లుప్తంగా చెబుతాను. ఒకటి, లక్ష్యాన్ని కాగితం మీద రాసుకున్న 3 శాతం మంది మిగతా 97 శాతం మంది కంటే ఎక్కువ సంపాదించారని యేల్ యూనివర్సిటీ తేల్చింది, కాబట్టి కావాల్సిన ర్యాంకు రాసి గోడకు అంటించండి. రెండు, టాపర్లు నాలుగు గంటలే పడుకుంటారు, తెల్లవారుజామున మూడింటికి లేపండి. మూడు, ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది. నాలుగు, ప్రతి పాఠం పదిసార్లు చదివి, ముఖ్యమైనవి రంగు పెన్నుతో గీయాలి. ఐదు, చదివింది 10 శాతం, విన్నది 20 శాతం, ఇతరులకు చెప్పింది 90 శాతం గుర్తుంటాయి. ఆరు, చదువుకునే టైంలో ఇంట్లో టీవీ, ఫోన్లు కట్టేయాలి. ఏడు, పిల్లల లక్ష్యాన్ని బంధువులందరికీ చెప్పండి, వెనక్కి తగ్గలేరు, పరువు కోసమైనా చదువుతారు. ప్లాన్ బి ఉన్నవాడికి ప్లాన్ ఎ ఎప్పటికీ దక్కదు.

మొదటి పాయింటులో చెప్పిన యేల్ అధ్యయనం జరగనే లేదు. 1953లో చదువు ముగించిన బ్యాచ్‌ను లక్ష్యం రాసుకున్నారా అని అడిగారని, ఇరవై ఏళ్ల తర్వాత వాళ్ల ఆస్తులు లెక్కవేశారని కథ. 1996లో ఫాస్ట్ కంపెనీ అనే అమెరికన్ పత్రిక దీని మూలం కోసం వెతికింది. వేదికల మీద ఈ కథ చెప్పే ప్రముఖ వక్తలను అడిగితే ఒకరు ఇంకొకరి పేరు చెప్పారు. యేల్ వాళ్లు మా దగ్గర అలాంటిదేమీ జరగలేదన్నారు. కొన్ని మెసేజ్‌లలో ఇదే కథ హార్వర్డ్ పేరుతో, 1979 సంవత్సరంతో తిరుగుతోంది. యూనివర్సిటీ మారింది, ఏడాది మారింది, ఆ 3 శాతం మాత్రం చెక్కుచెదరలేదు.

అలాగని రాసుకోవడం వల్ల ప్రయోజనం లేదని అనను. కాలిఫోర్నియాలోని డొమినికన్ యూనివర్సిటీలో గెయిల్ మాథ్యూస్ అనే సైకాలజిస్టు దీన్ని నిజంగానే పరీక్షించారు. చేయదలుచుకున్నది రాసుకుని, వారం వారం ఒక స్నేహితుడికి ఎంతవరకు వచ్చిందో చెప్పినవాళ్లు ఎక్కువ పని పూర్తిచేశారు. కానీ వాళ్లు పెద్దవాళ్లు. లక్ష్యం ఎవరికి వారు ఎంచుకున్నది, గడువు కొన్ని వారాలు. అమ్మానాన్నలు ఎంచిన ర్యాంకును రెండేళ్లపాటు గోడమీద చూస్తూ బతకడం వేరే సంగతి. దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

21 రోజుల మాటకు మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్. ఆపరేషన్ అయినవాళ్లు అద్దంలో కొత్త మొహానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. ముక్కు ఆపరేషన్ నుంచి అది ఎంసెట్ ప్రిపరేషన్ దాకా వచ్చేసింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం మామూలు మనుషుల మీద చూసి 2010లో ప్రచురించింది. అలవాటు పడటానికి సగటున 66 రోజులు. కొందరికి 18, కొందరికి 254. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా తేడా రాలేదు. ఆ చివరి మాట మెసేజ్‌లో ఉంటే ఎంత బాగుండేది! 22వ రోజు బద్ధకించిన పిల్లాడు లోపం తనలోనే ఉందనుకుని పుస్తకం మూసేస్తాడు.

ఐదో పాయింటులోని శాతాలను కొలిచినవాళ్లు ఎవరూ లేరు. ఎడ్గర్ డేల్ అనే అమెరికన్ విద్యావేత్త 1946లో గీసిన బొమ్మకు తర్వాత ఎవరో అంకెలు తగిలించారు. ఆయన బొమ్మలో ఒక్క అంకె కూడా లేదు. దీనికి ఇంతకంటే సమయం అక్కర్లేదు.

పదిసార్లు చదవడం గురించి మాత్రం చెప్పాలి. ఎందుకంటే ఒళ్లు దాచుకోకుండా కష్టపడే పిల్లలే దీనికి బలవుతారు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికే అనే సైకాలజిస్టులు 2006లో ప్రచురించిన ప్రయోగం ఉంది. కొందరు ఒకే వ్యాసాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక విడత చదివి, మిగతా మూడు విడతలు చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే చదివినవాళ్లకు 40 శాతం, చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది.

నా క్లాసులో ఇది రోజూ కనిపిస్తుంది. ఇంటిగ్రేషన్‌లో చేసి ఉన్న లెక్కను నోట్సులో చదువుతుంటే ప్రతి మెట్టూ చాలా తేలిగ్గా ఉంటుంది. “అర్థమైంది సార్” అంటారు. నోట్సు మూయించి ఖాళీ కాగితం ఇస్తే మొదటి ప్రతిక్షేపణ దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. ఎక్కడ ఆగిపోయిందో తెలియడమే ఆ రోజు చదువు. పదిసార్లు చదివితే ఆ చోటు ఎప్పటికీ బయటపడదు, పరీక్ష హాల్లోనే బయటపడుతుంది. సోమవారం చేసిన లెక్కల్లో రెండు మూడు గురువారం మళ్లీ చూడకుండా చేయండి, పై వారం ఇంకోసారి చేయండి అని మొత్తుకుంటాను. రంగు పెన్నులతో గీయడం గురించి నాకు ఒకటే అభ్యంతరం. పేజీ అంతా పసుపు పచ్చగా ఉంటే ఏది ముఖ్యమో తెలిసేదెలా?

ఇక నాలుగు గంటల నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. నేర్చుకున్నాక నిద్రపోయినవాళ్లు మేలుకుని ఉన్నవాళ్ల కంటే తక్కువ మరిచిపోతారని జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే పరిశోధకులు 1924లోనే చూపించారు. వందేళ్ల కిందటి మాట! పైగా ఆ వయసులో శరీరానికి నిద్ర రావడమే ఆలస్యమవుతుంది. పదకొండు దాటాక గానీ కునుకు పట్టని పిల్లాణ్ణి మూడింటికి లేపి, వాడు బద్ధకస్తుడని పేరు పెడతారా? మా తాతగారు బ్రహ్మముహూర్తంలో లేచేవారంటారు. ఆయన ఎనిమిదింటికల్లా పడుకునేవారన్నది కూడా చెప్పండి మరి. పిల్లలు తొమ్మిదింటికి పడుకుని తెల్లవారుజామున లేస్తే నాకేమీ అభ్యంతరం లేదు, ఆ పూట చదువు చాలామందికి బాగానే సాగుతుంది. రెసిడెన్షియల్ కాలేజీల్లో మాత్రం పదకొండు దాకా స్టడీ అవర్స్, ఐదింటికి బెల్లు. మొదటి పీరియడ్‌లో ఆ పిల్లలు బోర్డు వైపు చూస్తుంటారు గానీ చూడరు. ప్లస్సు, మైనస్సు తారుమారు చేస్తారు. లెక్క రాక కాదు, నిద్ర లేక. ఆదివారం టెస్టులో వాటికే మార్కులు పోతాయి. మార్కులు పోయాయని ఇంకో గంట స్టడీ అవర్ పెంచుతారు.

ఇప్పుడు ఏడో పాయింటు. మిగతా ఆరూ తప్పులైనా భరించేవాణ్ణి. దీన్ని భరించలేను.

“బంధువులందరికీ చెప్పండి, వెనక్కి తగ్గలేరు” అట. ఎవరు వెనక్కి తగ్గలేరు? పదహారేళ్ల పిల్ల. ఎక్కడి నుంచి? తన చేతిలో లేని ఒక అంకె నుంచి. ర్యాంకు అంటే మిగతా పిల్లలందరూ ఎలా రాశారన్నదాని మీద ఆధారపడేది. జేఈఈ మెయిన్ రాసేవాళ్లు ఏటా పది లక్షలకు పైమాటే. ఐఐటీలన్నిటిలో కలిపి సీట్లు 18 వేలు, అటూ ఇటూ. ప్రతి ఇంటి గోడమీదా వెయ్యిలోపు ర్యాంకు రాసి ఉంటే వాళ్లందరికీ అది వస్తుందా? రాదని అంటించినవాళ్లకు తెలియదా? రానివాళ్లు రేపు పెళ్లిళ్లలో, శ్రీమంతాల్లో ఆ బంధువుల మధ్య ఏం చెప్పాలో కూడా మెసేజ్‌లో రాయాల్సింది కదా!

లక్ష్యం పెట్టుకుంటే పని పెరుగుతుందన్నది నిజం. ఎలాంటి లక్ష్యం అన్నదే అసలు ప్రశ్న. అమెరికాలోని ఒక యూనివర్సిటీలో దాదాపు 4,000 మంది విద్యార్థుల మీద చేసిన పరిశోధన 2020లో అచ్చయింది. కొందరిని ఈ కోర్సులో ఎంత గ్రేడు తెచ్చుకుంటారో లక్ష్యం పెట్టుకోమన్నారు. ఇంకొందరిని ఎన్ని ప్రాక్టీస్ పరీక్షలు రాస్తారో లక్ష్యం పెట్టుకోమన్నారు. గ్రేడు లక్ష్యం వల్ల చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. ప్రాక్టీస్ పరీక్షల లక్ష్యం వల్ల పనీ పెరిగింది, మార్కులూ పెరిగాయి. ఎందుకో చెప్పడం కష్టం కాదు. “రోజుకు పదిహేను లెక్కలు” అన్నది ఈ రాత్రికే అయిందో లేదో తెలుస్తుంది. “వెయ్యిలోపు ర్యాంకు” అన్నది రెండేళ్ల దాకా ఏమీ తెలియనివ్వదు, భయం తప్ప.

ప్లాన్ బి ఉండకూడదన్న మాట రాసినవాళ్లు 2019 ఏప్రిల్ మరిచిపోయి ఉంటారు. తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తెలుగులో సున్నా వేసిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి. ఆ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్కో మరణానికి ఎన్ని కారణాలుంటాయో బయటివాళ్లం చెప్పలేం. కానీ మెమోలోనే తప్పు ఉండొచ్చు, రీవెరిఫికేషన్ ఉంది, వేసవిలోనే సప్లిమెంటరీ ఉంది, వచ్చే ఏడాది ఉంది అని నమ్మి ఆగడానికి పిల్లల మనసులో కాస్త చోటు ఉండాలి. ఆ చోటు పేరే ప్లాన్ బి. దాన్ని పిల్లల నుంచి లాక్కోమని చెప్పే మెసేజ్‌ను చేతులు జోడించిన బొమ్మలు పెట్టి మరీ పంపుతున్నారు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులైలో తీర్పునిస్తూ కోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయొద్దంది. అందరి ముందూ అవమానించొద్దంది. శక్తికి మించిన లక్ష్యాలు పెట్టొద్దంది. వందమంది, అంతకు మించి పిల్లలున్న చోట కౌన్సెలర్ ఉండాలంది. కాలేజీ చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పిన పనే ఇంట్లో అమ్మానాన్నలను చేయమంటోంది ఈ ఏడో రహస్యం.

మీ ఇంట్లో పిల్లలు తిండి తగ్గించినా, మాట్లాడటం మానేసినా, “నేను వేస్ట్” అని పదే పదే అంటున్నా దాన్ని టెన్షన్ అని కొట్టేయకండి. టెలిమానస్ అనేది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ. 14416కి ఫోన్ చేస్తే ఏ వేళనైనా తెలుగులో మాట్లాడతారు. పది మందికి పంపాలనుకుంటే ఈ నంబరు పంపండి.

ఆరో పాయింటుతో నాకు పేచీ లేదు. నిజం చెప్పాలంటే మా స్టాఫ్‌రూములో ఎన్నేళ్లుగా అనుకుంటున్నా తల్లిదండ్రుల మీటింగులో గట్టిగా అనలేకపోయిన మాట అది. హాల్లో సీరియల్ నడుస్తుంటే, నాన్న సోఫాలో రీల్స్ చూస్తుంటే, పక్క గదిలో పిల్ల ఫిజిక్స్ మీద మనసు పెట్టలేదు. మా వాడు ఫోన్ వదలడు సార్ అని నాతో చెబుతూనే మధ్యలో రెండుసార్లు ఫోన్ చూసుకునే తండ్రులున్నారు. ఎవరు రాశారో గానీ, పెద్దలను కూడా ఫోన్ పక్కన పెట్టమన్నందుకు వాళ్లకు నా నమస్కారం.

ఇది పంపేవాళ్లు పిల్లల చెడు కోరేవాళ్లు కాదని కూడా నాకు తెలుసు. పొలం కాగితాలు తాకట్టు పెట్టి ఫీజు కట్టిన మనిషికి రాత్రి నిద్ర పట్టదు. ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. చేతిలో ఫోన్ ఉంటుంది. మా కాలేజీకి వచ్చే తండ్రుల్లో ఇలాంటివాళ్లే ఎక్కువ. వాళ్లు అడిగితే నేను చెప్పేది ఇది. గోడమీది ర్యాంకు కాగితం తీసేయండి. ఆ చోట పిల్లల చేతే, వాళ్ల అక్షరాలతోనే, ఈ వారం పని రాయించండి. ఏ చాప్టరు, ఎన్ని లెక్కలు చూడకుండా, ఏ రోజు మళ్లీ, రాత్రి ఎన్నింటికి పడక. ఆదివారం సాయంత్రం పక్కన కూర్చుని అందులో ఏవి కాలేదో అడగండి. ఎందుకు కాలేదని మాత్రం అడగకండి, ఏది కష్టంగా ఉందని అడగండి. దాన్ని తీసుకుని సోమవారం నా దగ్గరికి పంపండి.