స్టిక్కర్ అంటించాం, ఇక భయం లేదు

పాత ల్యాబ్ పరికరాలు వదిలించుకునే ముందు వాటిని శుద్ధి చేస్తున్నారా అని కొందరు చాదస్తులు అడుగుతుంటారు. చేయకేం! ఒక కాలేజీలో రక్తం ట్యూబులను గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్‌ను కండెమ్ చేసిన రోజు, అంటే ఇక పనికిరాదని తేల్చి రాసేసిన రోజు, నేనక్కడే ఉన్నాను. ముగ్గురితో కమిటీ, మూడు కాపీల ఫారం. ‘శుద్ధి చేయడమైనది’ అని టైపు కొట్టిన కాగితాన్ని అటెండరు జిగురు రాసి మూతకి అంటించాడు. ఊరికే ఉండలేక నేను మూత ఎత్తాను. లోపల పగిలిన గాజు ట్యూబు, దాని కింద ఎండి గోధుమరంగుకు తిరిగిన రక్తపు చార. నేను నసిగేసరికి కమిటీ పెద్దాయన, “కాగితం బయట అంటించినా లోపలికీ వర్తిస్తుందండీ” అన్నారు. నిజమే. సంతకం పడ్డాక కూడా అక్కడే ఉండడానికి సూక్ష్మజీవికి ఎంత ధైర్యం ఉండాలి!

పుస్తకాల్లో మాత్రం వేరేలా ఉంటుంది. బ్లీచింగ్ ద్రావణంతో తుడిచి కాసేపు తడిగా వదలాలట. తర్వాత నీళ్లతో తుడవకపోతే లోహం తుప్పు పడుతుందట. మేం అసలు తుడవనే లేదు కాబట్టి ఆ బాధ తప్పింది. తట్టుకోగల భాగాలను ఆటోక్లేవ్ అనే మూసిన పాత్రలో 121 డిగ్రీల ఆవిరికి పెట్టాలట. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులకు తెల్ల డబ్బా, గాజుకు నీలం, ల్యాబ్‌లో పెంచిన సూక్ష్మజీవుల కల్చర్లకు పసుపు సంచి, మురికి ప్లాస్టిక్‌కు ఎరుపు. అన్నీ అక్కడ కొన్నారు. ఎర్ర డబ్బాలో అటెండరు గొడుగు పెట్టుకునేవాడు.

అయినా ఇవి చిల్లర ఘనకార్యాలు. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగం స్థాయి వేరు. అక్కడ 1985 నుంచి ఎవరూ వాడని, వస్తువుల మీద గామా కిరణాలు పంపే యంత్రమైన గామా ఇర్రేడియేటర్‌ను 2010 ఫిబ్రవరిలో తుక్కు కింద వేలం వేశారు. లోపల కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం. దాని రేడియోధార్మికత ఐదేళ్ల మూడు నెలలకోసారి సగమవుతుంది. దశాబ్దాలుగా సగమవుతూ వచ్చి ఇక అరిగిపోయి ఉంటుందని సరిపెట్టుకున్నారో, అసలు గుర్తే లేదో! కాటా మీద మాత్రం బరువు బాగానే తూగింది.

ఢిల్లీలోని మాయాపురి తుక్కు కొట్లలో దాన్ని విప్పారు. కిరణాలు బయటికి రాకుండా చుట్టూ పోసిన సీసానికి మంచి ధర పలుకుతుంది మరి. లోపలి లోహాన్ని ముక్కలు చేశారు. అందులో ఒక ముక్కను ఒకాయన పర్సులో పెట్టుకుని తిరిగాడు. కొందరికి చర్మం నల్లబడి, జుట్టు ఊడి ఆసుపత్రుల్లో పడ్డారు. ఒకరు చనిపోయారు.

అందుకని నాదొక వినయపూర్వక సూచన. ఇకపై ప్రతి కండెమ్నేషన్ కమిటీలోనూ పాత సామాన్లాయన్ని నాలుగో సభ్యుడిగా వేసుకుందాం. టీఏ, డీఏ అడగడు. ఎలాగూ చివరికి విప్పి చూసేది ఆయనే.