లేజర్ డయోడ్‌కు రెసిస్టర్ ఒక్కటే చాలదు

విశాఖపట్నం ఇంజనీరింగ్ విద్యార్థుల మధ్య ఒక సందేశం కొంతకాలంగా ఒకరి నుంచి ఒకరికి పాకుతోంది. పాత డీవీడీ రైటర్‌లోంచి తీసిన ఎర్ర లేజర్ డయోడ్ ఎల్‌ఈడీ వంటిదేననీ, 5 వోల్టుల మొబైల్ చార్జర్‌కు 12 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా కలిపితే సరిపోతుందనీ, స్థిర కరెంటే కావాలంటే అదే చార్జర్‌కు ఎల్‌ఎం317 అనే మూడు కాళ్ల రెగ్యులేటర్ చిప్ తగిలించవచ్చనీ, మన ఊరి ఉక్కలో స్టాటిక్ (ఒంటి మీద పేరుకునే స్థిర విద్యుత్తు) భయం లేదనీ, కళ్లకు చలువ అద్దాలు చాలనీ దాని సారాంశం. రుజువుగా చివర "మాది ఇంకా వెలుగుతూనే ఉంది" అని ఉంటుంది. ఇందులో కొంతైనా నిజమున్న మాట స్టాటిక్ గురించినది ఒక్కటే. అదీ పూర్తి నిజం కాదు.

ఎల్‌ఈడీలో కరెంటు క్షణకాలం హద్దు దాటితే సాధారణంగా కాస్త వేడెక్కి ఊరుకుంటుంది. లేజర్ డయోడ్‌లో అలా కాదు. కాంతి వెలువడే అంచు మైక్రాన్ల కొలతలో ఉంటుంది కనుక, కాంతి తీవ్రత హద్దు మీరితే ఆ అంచే కరిగిపోతుంది; అందుకు నానోసెకన్లు చాలు. ఇప్పుడు రెసిస్టర్ లెక్క చూద్దాం. డయోడ్ మీద 2.5 వోల్టులు పడితే 12 ఓమ్‌ల గుండా సుమారు 208 మిల్లీఆంపియర్లు పారుతాయి. చార్జర్ 5.25 వోల్టులిస్తే, అంటే 5 శాతం పెరిగితే, కరెంటు 229కి, అంటే 10 శాతం పెరుగుతుంది. 4.5 వోల్టులు తీసుకునే నీలి డయోడ్‌కు ఇదే పద్ధతి వాడితే రెసిస్టర్‌కు మిగిలేది అర వోల్టే కనుక, ఆ పావు వోల్టు తేడాకే కరెంటు ఒకటిన్నర రెట్లవుతుంది.

ఎల్‌ఎం317 మంచి భాగమే, కానీ 5 వోల్టుల మీద ఈ పని చేయలేదు. అవుట్‌పుట్ కాలికీ అడ్జస్ట్ కాలికీ మధ్య రెసిస్టర్ పెట్టి, అడ్జస్ట్ కాలి వైపు నుంచి డయోడ్‌కు తీగ ఇవ్వాలి, 1.25ను ఆ రెసిస్టర్ విలువతో భాగిస్తే కరెంటు వస్తుంది, 6.2 ఓమ్‌లకు దాదాపు 200 మిల్లీఆంపియర్లు. అయితే రెసిస్టర్‌కు 1.25, రెగ్యులేటర్‌కు సుమారు 2, డయోడ్‌కు 2.5 కలిపితే 5 దాటిపోతుంది. అప్పుడు డయోడ్ మసకగా వెలుగుతుంది, చేసేవారు రెసిస్టర్ విలువ తగ్గిస్తారు, తర్వాత ఎప్పుడో 9 వోల్టుల అడాప్టర్ పెట్టగానే రెగ్యులేటర్ తన అసలు కరెంటు ఇచ్చి డయోడ్‌ను చంపుతుంది. మొదటి నుంచే 9 వోల్టులు ఇచ్చి, రెగ్యులేటర్‌కు హీట్ సింక్ (వేడిని లాగేసే లోహపు ముక్క) బిగించాలి. దాని లోహపు రేకు అవుట్‌పుట్‌కు కలిసి ఉంటుంది కాబట్టి ఆ హీట్ సింక్ డయోడ్‌ను బిగించిన లోహపు గొట్టానికి తగలకూడదు.

సందేశం అసలు ప్రస్తావించనిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, కలిపే క్రమం. డ్రైవర్ (డయోడ్‌కు కరెంటిచ్చే ఈ సర్క్యూట్) ఆన్‌లో ఉండగా డయోడ్‌ను కలిపిన క్లిప్పు జారితే, అవుట్‌పుట్ దగ్గర చార్జిని నిల్వ చేసే కెపాసిటర్ దాదాపు ఇన్‌పుట్ వోల్టేజీ దాకా నిండుతుంది. క్లిప్పు మళ్లీ తగలగానే అదంతా డయోడ్‌లో కుమ్మరిస్తుంది. కనుక ముందు నాలుగు 1ఎన్4007 మామూలు డయోడ్లనూ ఒక 1 ఓమ్ రెసిస్టర్‌నూ వరుసగా కలిపి, లేజర్ డయోడ్ స్థానంలో డమ్మీ లోడ్‌గా పెట్టాలి. ఆ రెసిస్టర్ మీద మల్టీమీటర్ చూపే ప్రతి మిల్లీవోల్టూ ఒక మిల్లీఆంపియర్. కరెంటు సరిగా ఉందని తేలాక పవర్ ఆపి, కెపాసిటర్‌ను డిశ్చార్జ్ చేసి, అప్పుడే లేజర్ డయోడ్‌ను సోల్డర్ చేయాలి.

తేమ స్టాటిక్‌ను తగ్గిస్తుంది, నిజమే. కానీ ఏసీ గదిలో గాలి పొడిబారుతుంది. పైగా మనిషికి రెండు మూడు వేల వోల్టుల లోపు స్టాటిక్ షాక్ తెలియనే తెలియదు, డయోడ్‌కు అందులో చిన్న భాగం చాలు. ఒంటి స్టాటిక్‌ను భూమిలోకి పంపే మణికట్టు పట్టీ తప్పనిసరి.

చలువ అద్దాల మాట దారుణం. 5 నుంచి 500 మిల్లీవాట్ల మధ్య ఉన్న కిరణం 3బి తరగతి, అంటే నేరుగా పడితే కంటికి ప్రమాదకరమైనది. ఈ డయోడ్ అందులోకే వస్తుంది. దాని 650–660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యానికి తయారైన కళ్లద్దాలే వాడాలి. డాబా మీద పరీక్షించేవారు కిరణాన్ని ఆకాశం వైపు అసలు తిప్పకూడదు. మన నౌకాదళ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా నగరంలోనే ఉంది.

ఇక "వెలుగుతూనే ఉంది" అన్న రుజువు. అంచు కరిగిన డయోడ్ కూడా ఎర్రగా వెలుగుతుంది, ఎల్‌ఈడీలా. కరెంటును మెల్లగా పెంచుతూ పోతే ఒక స్థాయి దగ్గర కాంతి ఒక్కసారిగా ఎగబాకాలి. కరెంటు ఎంత పెంచినా ఆ మలుపు రాకపోతే, అందులో లేజర్ మిగల్లేదని అర్థం.