కృతజ్ఞత చెప్పుకోనివ్వని వేదిక

చెన్నైలో సినిమావారి పేటగా పేరుపడ్డ కోడంబాక్కం పరిసరాల తెలుగు కుటుంబాలలో, ఎడిటింగ్ గదుల్లోనో రికార్డింగ్ థియేటర్లలోనో జీవితమంతా గడిపిన పెద్దవారు ఇప్పటికీ కనబడుతూ ఉంటారు. వారి నడుమ పెరిగిన నాకు, ఏటా మన తెల్లవారుజామున ప్రసారమయ్యే ఆస్కార్ వేడుకలో తెరవెనుక వారికి దక్కే మర్యాద ఏ మాత్రం మింగుడుపడదు. 2022లో ఎడిటింగ్, శబ్దగ్రహణం, నేపథ్య సంగీతం సహా ఎనిమిది విభాగాల బహుమతులను ప్రత్యక్ష ప్రసారానికి ముందే ఇచ్చేసి, ఆ దృశ్యాలను కుదించి తరువాత అతికించి చూపించారు. సినిమాను సినిమాగా నిలబెట్టే ఎడిటింగుకే ఆ గతి పట్టించడానికి వారికి మనసెలా ఒప్పింది?

మరుసటి ఏడాది అన్నింటినీ తిరిగి ప్రసారంలోకి తెచ్చారు, అది మంచిదే. కానీ ఆ 2023 వేడుకలోనే, మన తమిళనాడులోని ముదుమలైలో ఏనుగు గున్నలను సాకిన దంపతుల గురించి తీసిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’కు లఘు డాక్యుమెంటరీ బహుమతి వచ్చినప్పుడు, దర్శకురాలు కార్తికి గొన్‌సాల్వెస్ ముగించీ ముగించగానే, ఇక వేదిక దిగమన్న సూచనగా వాద్యబృందం సంగీతం అందుకుంది. పక్కనే ప్రతిమ పట్టుకుని నిలబడిన నిర్మాత గునీత్ మోంగా చెప్పదలచుకున్నది చెప్పకుండానే వేదిక దిగవలసి వచ్చింది. విజేత మాట్లాడడానికి 45 సెకన్లట! మూడు గంటలకు పైగా సాగే కార్యక్రమంలో వ్యాఖ్యాత చమత్కారాలకూ ప్రకటనలకూ లేని గడియారం, ఏళ్ల తరబడి కష్టపడి ఆ మెట్లెక్కిన మనిషికే ఎందుకు? ఒక్క ప్రకటనల విరామం తగ్గించి, ఆ సమయాన్ని వారికి ఇవ్వాలి.