మహారాజశ్రీ మోకాలు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కుడి మోకాలు గారికి (నకలు: ఎడమ మోకాలు గారికి),

తమ మీద నిలబడి బతుకుతున్న యజమాని వ్రాయు విన్నపము. ఇక్కడ క్షేమం. అక్కడి క్షేమ సమాచారం మెట్లు దిగేటప్పుడు తమరే వినిపిస్తున్నారు కాబట్టి వేరే అడగను.

అయ్యా, బడి పుస్తకంలో తమరి పేరు మడతబందు కీళ్ల వరుసలో ఉంటుంది. తలుపులా ఒకే దారిన తెరుచుకుని, ఒకే దారిన మూసుకోవడం తప్ప మరేమీ ఎరగని బుద్ధిమంతుల వరుస అది. పక్కనే మోచేయి ఉంటుంది. ఆవిడ నికార్సైన మడతబందు. అరచేతిని వెల్లకిలా, బోర్లా తిప్పే పని తనది కాదని, తన గూటిలోనే కాపురముంటున్న బొంగరపు కీలుకు అప్పజెప్పేసింది. ఎవరి పని వారిది. మరి తమరో?

కుర్చీలో కూర్చుని, పాదం నేల మీద ఆనించి, తమరి కిందనున్న ఎముకను రెండు చేతులా పట్టుకుని, కాలివేళ్లను లోపలికీ బయటికీ తిప్పి చూడమనండి ఎవరినైనా. ఆ ఎముక చేతుల్లో మెలికలు తిరుగుతుంది. అదే కాలు తిన్నగా చాపితే మెలిక మాయం. పాదం తిప్పాలంటే తుంటి దగ్గర్నుంచి కాలు మొత్తం కదలాల్సిందే. అంటే చాపినప్పుడు నిష్ఠాగరిష్ఠులు, వంగితే మాత్రం వేషాలు!

అసలు గూడుపుఠాణీ నిలబడేటప్పుడు జరుగుతుంది. కాలు నిటారయ్యే ఆఖరి ఘడియలో, ఎవరికీ తెలియకుండా, తొడ ఎముక, తన కిందనున్న ఎముక మీద రవ్వంత లోపలికి తిరిగి బిగుసుకుంటుంది. తాళం పడిందన్నమాట. దాని పుణ్యాన తొడ కండరాలకు పెద్దగా శ్రమ ఇవ్వకుండానే గంటల తరబడి క్యూలో నిలబడగలుగుతున్నాం, కాదనను. మళ్లీ వంగాలంటే ఆ తాళం తియ్యాలి. తాళంచెవి ఎవరి దగ్గరుంది? తమరి వెనకాల నక్కిన పాప్లిటియస్ అనే చిన్న కండరం దగ్గర. కసరత్తులన్నీ తొడలకు, పొగడ్తలన్నీ పిక్కలకు, తలుపు తీసే ఉద్యోగం మాత్రం ఊరూపేరూ లేని ఇతనికి. ఎక్కడైనా ఇంతే కదండీ.

పైగా తమరిది ఒట్టి మడత కూడా కాదు. వంగుతున్నప్పుడు తొడ ఎముక కింది కొననున్న గుండ్రాలు ఒకపక్క దొర్లుతూనే మరోపక్క జారుతుంటాయి. దొర్లడంతోనే సరిపెడితే గొంతుక్కూర్చునే లోపలే వెనక నుంచి కింద పడిపోతాయి. ఆ మధ్యలో నెలవంకల్లాంటి రెండు మృదులాస్థి మెత్తలు ఎముకతోపాటే ముందుకూ వెనక్కూ సర్దుకుంటూ బరువు పంచుకుంటాయి. వాటి లోపలి అంచుకు రక్తనాళాలే లేవు. చిరిగితే అతుక్కోవడం గగనం. ఇంత మోత మోసేవాళ్లకు మరమ్మతు సదుపాయం ఎందుకు పెట్టలేదో ఎవరినడగాలి?

తోటివాళ్లను చూసి నేర్చుకోండి అందామంటే నోరు రాదు. భుజం బంతిగిన్నె కీలు. గిన్నె లోతు తక్కువ, స్వేచ్ఛ ఎక్కువ, అందుకే చీటికిమాటికి ఊడి వస్తుంది. అదే జాతికి చెందిన తుంటి లోతైన గిన్నెలో కూర్చుని కాస్త పద్ధతిగానే ఉంది. దవడ మాత్రం తమరికి తగ్గ జోడీ. చెవి ముందు వేలు పెట్టి నోరు బాగా తెరిస్తే తెలుస్తుంది, ముందు తిరుగుతుంది, తర్వాత గూడు వదిలి ముందుకు జారుతుంది. ఇక బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టకూడదంటారు గానీ, నాకు తప్పడం లేదు. ఆ గుండులోనూ ఉన్నాయి కీళ్లు. పసితనంలో కాస్త కదిలి, ఆ మీదట జన్మంతా పళ్లు బిగించి కూర్చుంటాయి. వాటి మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదు లేదు. కదలనివాడికి పేరు, కదిలేవాడికి కట్టు.

వేళ్ల కణుపుల సంగతీ చెప్పాలి. డోనాల్డ్ అంగర్ అనే అమెరికా వైద్యుడు 60 ఏళ్లకు పైగా ఎడమచేతి వేళ్లు మాత్రమే విరుచుకుంటూ, కుడిచేతిని ముట్టుకోకుండా వదిలేశాడు. రెండు చేతుల్లోనూ కీళ్లవాతం కనిపించలేదు. 2009లో ఆయనకు ఇగ్ నోబెల్ ఇచ్చారు, అంటే ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి. అన్నేళ్ల చిత్రహింసను ఆ కణుపులు కిమ్మనకుండా భరించాయి. తమరేమో నేను పరుపు మీంచి లేస్తేనే టకామని వీధికెక్కుతారు.

కాబట్టి ఒక ఒప్పందానికొద్దాం. ఇకమీదట తమరి హోదాను ‘మడతబందు, అదనపు బాధ్యత: మెలిక’ అని నలుగురిలో చెబుతాను. బదులుగా, పాదం నేలకు అతుక్కుపోయి ఒళ్లు మాత్రం గిర్రున తిరిగే వేళ, లోపల ఎముకలను కట్టి ఉంచడానికి కత్తెరలా అడ్డంగా వేసుకున్న రెండు సంధిబంధనాల్లో ముందుదాన్ని పుటుక్కున తెంపుకోకండి. అది తెగడానికి ఎదుటివాడు గుద్దనక్కర్లేదు, సొంత మెలికే చాలు.

అన్నట్టు, తమరు ఎదురు ఫిర్యాదు పెట్టారని విన్నాను. తమరి మృదులాస్థికి రక్తనాళాలు లేవట. చుట్టూ ఉన్న చెంచాడు కూడా లేని కీలు ద్రవంలోంచే తిండి అందాలట. అదైనా కదిలి నొక్కుకుంటేనే లోపలికి ఇంకుతుందట. నేను పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుని తమర్ని పస్తులుంచుతున్నానట. ఆరోపణ అందింది. పరిశీలనలో ఉంది. లేచి వెళ్లి ఫైలు తేవాలి గానీ, ఇప్పుడే కూర్చున్నాను.

ఇట్లు,
తమరి పైనున్న బరువు