డెకార్ట్ నుంచి కాంట్ దాకా రెండ్రోజుల్లో, టీ బిస్కెట్లతో సహా

తత్వశాస్త్రం వంటబట్టాలంటే ఏళ్ళు పడుతుందని ఇన్నాళ్ళూ మనల్ని బెదరగొట్టారు, అదంతా ఉత్తదే. శనివారం పొద్దున మొదలెడితే ఆదివారం సాయంత్రం ట్రైన్ టైముకల్లా డెకార్ట్ నుంచి కాంట్ దాకా మొత్తం అయిపోతుంది. ఇక్కడ ఇంగ్లండ్‌లో యూనివర్సిటీలు పెట్టే ఈ వీకెండ్ పరిచయ ఉపన్యాసాలకి నేను వీరాభిమానిని, కాబట్టి ఇది పూర్తిగా పొగడ్తే అని ముందే మనవి చేసుకుంటున్నాను.

డెకార్ట్‌నే తీసుకోండి. ఈ ఫ్రెంచి తత్వవేత్త 1641లో మెడిటేషన్స్ అనే పుస్తకం వేసినప్పుడు, మొదటి అధ్యాయం మీదే నెలల తరబడి, పోనీ వారాలైనా కూర్చోండి, ఆ తర్వాతే ముందుకెళ్ళండి అని పాఠకుల్ని కోరాడు. పాపం ఆయన కాలానికి పవర్‌పాయింట్ లేదు. ఇక్కడైతే సమస్తాన్నీ సందేహించడం పది నిమిషాల పని: కళ్ళు మోసం చేస్తాయి, స్లైడ్, ఇదంతా కలేమో, స్లైడ్, మాయదారి భూతమేదో మనల్ని ఆడిస్తోందేమో, స్లైడ్, నేను ఆలోచిస్తున్నాను కాబట్టి నేనున్నాను, హమ్మయ్య, టీ. (ఆ చివరి మాట సరిగ్గా ఆ రూపంలో ఆ పుస్తకంలో లేదు, 1637 నాటి వేరే పుస్తకంలో ఉంది, కానీ స్లైడ్ మీద ఎంత బావుంటుందో.) తర్వాత స్పీకర్ గారు ఎవరికైనా సందేహాలున్నాయా అంటారు, హాల్లో ఒక్క చెయ్యి లేవదు. అన్నిటినీ అనుమానించిన మనిషి గురించి ఇంత అనుమానం లేకుండా విన్న జనాన్ని ఇంకెక్కడా చూడం.

నిర్వాహకుల తరఫున ఒక పాయింట్ నేనే ఇస్తాను. 1643లో బొహీమియా రాకుమారి ఎలిజబెత్‌కి రాసిన ఉత్తరంలో ఇదే డెకార్ట్, బుద్ధికి మాత్రమే పనిపెట్టే ఆలోచనలకి తను ఏడాదికి కొద్ది గంటలే ఇచ్చానని చెప్పుకున్నాడు. ఆ లెక్కన రెండ్రోజులంటే ఎక్కువే, ఈ వాక్యాన్ని ఫ్రేమ్ కట్టించి రిజిస్ట్రేషన్ టేబుల్ మీద పెట్టుకోవాలి.

అయితే పెట్టరు, ఎందుకంటే ఆ ఉత్తరం ఎవరికి రాశాడో, ఎందుకు రాశాడో కూడా చెప్పాల్సొస్తుంది కదా. ఎలిజబెత్‌కి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు, కుటుంబం రాజ్యం పోగొట్టుకుని హేగ్‌లో తలదాచుకుంటోంది. ఆమె అడిగింది చిన్న ప్రశ్న: ఆత్మకి ఒళ్ళే లేదంటున్నారు, మరి అది ఒంటిని ఎలా కదిలిస్తోంది, దేన్నైనా నెట్టాలంటే ముందు తగలాలి కదా అని. ఆయనేదో బరువుని ఉదాహరణగా పెట్టి జవాబు రాశాడు, ఆమె ఒప్పుకోలేదు, మళ్ళీ అడిగింది, అప్పుడాయన ఇలాంటి వాటి గురించి మరీ ఎక్కువగా ఆలోచించడం మంచిది కాదన్న ధోరణిలో సలహా ఇచ్చాడు. 'అది టీ బ్రేక్‌లో మాట్లాడుకుందాం' అనే మహా సంప్రదాయానికి మూలపురుషుడు ఆయనే అని నా అభిప్రాయం. వీకెండ్‌లో ఎలిజబెత్ వాటా అర స్లైడు, 'ఒక రాకుమారితో ఉత్తరాలు కూడా నడిచాయి' అని. అదే శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్తలు యాన్ కాన్వే, మార్గరెట్ కావెండిష్‌లకి ఆ అర కూడా లేదు, టైమ్ లేదు.

టైమ్ దేనికి ఉంటుందంటే రెండు గళ్ళ పట్టికకి. ఎడమపక్క డెకార్ట్, స్పినోజా, లైబ్నిజ్, వీళ్ళు బుద్ధిని నమ్మినవాళ్ళు. కుడిపక్క లాక్, బర్క్లీ, హ్యూమ్, వీళ్ళు అనుభవాన్ని నమ్మినవాళ్ళు. చివర్లో కాంట్ ఊరి పెద్దమనిషిలా వచ్చి పంచాయితీ చేసి ఇద్దరికీ చెరిసగం పంచేస్తాడు. ఆ స్లైడ్ పడగానే హాల్లో ఫోన్లన్నీ పైకి లేస్తాయి, రెండ్రోజుల్లో అందరూ ఫోటో తీసుకునేది అదొక్కటే. పట్టిక ప్రకారం బుద్ధి తప్ప ఏదీ అక్కర్లేని ఆ డెకార్ట్ ఒక చలికాలమంతా ఆమ్‌స్టర్‌డామ్‌లో దాదాపు రోజూ కసాయి కొట్టుకెళ్ళి జంతువుల్ని కోస్తుంటే చూసి, కావాల్సిన ముక్కలు ఇంటికి తెప్పించుకుని కోసి చూసుకునేవాడు. స్పినోజా కటకాలు సానపట్టేవాడు, లైబ్నిజ్ జర్మనీలోని హార్జ్ కొండల్లో గనుల నీళ్ళు తోడటానికి గాలిమరలు పెట్టి ఏళ్ళ తరబడి తంటాలు పడ్డాడు. చేతులకి మట్టంటిన ముగ్గురూ ఎడమ గడిలో ఎలా చేరారో అడక్కండి, పట్టిక చెడిపోద్ది.

లాక్ సెషన్ మాత్రం కన్నులపండుగ. మనుషులంతా పుట్టుకతో స్వేచ్ఛాపరులు, సమానులు, ప్రభుత్వమంటే ప్రజల సమ్మతి, వింటుంటే ఒళ్ళు పులకరిస్తుంది. ఆఫ్రికన్లని బానిసలుగా పట్టుకెళ్ళి అమ్మిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో ఆయనకి వాటాలుండేవి, నల్లజాతి బానిస మీద యజమానికి సర్వాధికారం ఇచ్చిన 1669 నాటి కరొలైనా (అమెరికాలో ఇంగ్లిష్ వాళ్ళ వలస) శాసనాల తయారీలో ఆయన చెయ్యి కూడా ఉంది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికే భోజనాల బెల్లు కొడతారు. నేను కుట్ర అనట్లేదు, క్యాటరింగ్ వాళ్ళకీ వాళ్ళ ఇబ్బందులుంటాయి.

భోజనాల్లో మటుకు నిజమైన తత్వం జరుగుద్ది. ఆలోచించి ఆలోచించి తల దిమ్మెక్కినప్పుడు స్నేహితులతో భోంచేసి, బ్యాక్‌గామన్ అనే పాచికలాట ఆడి, నవ్వుకుంటూ మూడు నాలుగు గంటలు గడిపాక, మళ్ళీ ఆ ఆలోచనల దగ్గరికెళ్తే అవి చల్లారిపోయి, వింతగా కనిపించి మనసొప్పదని హ్యూమే రాసుకున్నాడు. ఆదివారం రెండో ట్రిప్పు పుడ్డింగ్ పెట్టించుకుని లోపలికి రానని మొండికేసినవాళ్ళే ఆయన్ని బాగా అర్థం చేసుకున్నట్టు.

కాంట్ 1770 తర్వాత దాదాపు పదేళ్ళు పెద్దగా ఏమీ అచ్చేయకుండా కూర్చుని, 1781లో ఎనిమిది వందల పేజీల పైచిలుకు పుస్తకం దించాడు. ఆయనకిచ్చింది నలభై నిమిషాలు, అందులో ప్రొజెక్టర్ కేబుల్ ఊడి కొంత పోయింది, మిగతాది జనం కోట్లు తొడుక్కుంటుండగా చెప్పారు. అయినా గట్టిగా చప్పట్లు పడ్డాయి. వచ్చే నెల కాంట్ తర్వాతి జర్మన్ తత్వవేత్త హెగెల్ అంట, ఒక్క పూటలో తేల్చేస్తామంటున్నారు, ముందుగా బుక్ చేసుకుంటే డిస్కౌంట్ కూడా ఉంది.