ఆసిఫాబాద్ సముద్రంలో మన వాటా తేల్చాలి

తెలంగాణకు సముద్రం లేదని పక్క రాష్ట్రపు చుట్టాలు పెళ్ళిళ్ళలో ఎత్తిపొడిచినప్పుడల్లా మనం తల దించుకుని అప్పడం నములుతుంటాం. ఇక ఆ అవసరం లేదు. సముద్రం మనకూ ఉండేది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోనే ఉండేది. కాకపోతే 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కింద ఉండేది. 2014లో ఆస్తులూ అప్పులూ పంచుకునేటప్పుడు ఆ మాట ఎవరూ ఎత్తకపోవడం మన నాయకుల ఘోర తప్పిదం.

సాక్ష్యం గట్టిదే. ఆసిఫాబాద్ దగ్గర దక్కన్ లావా పొరల మధ్య ఇరుక్కున్న మట్టిలో దొరికిన చిన్న చిన్న జీవుల అవశేషాల గురించి జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అనే శాస్త్రవేత్తలు 1987లో ఒక వ్యాసం రాశారు. అది సముద్ర తీర మైదానపు జీవజాలమని తేల్చారు. అందులో టేకు చేప పళ్ళున్నాయి. చేప అంటే కొర్రమీను తప్ప తెలియని మనవాళ్ళ కోసం చెబుతున్నా, చాటకు తోక అతికిస్తే ఎలా ఉంటుందో టేకు చేప అలా ఉంటుంది. 1993లో దీనికి ఇగ్డాబాటిస్ ఇండికస్ అని పేరు ఖాయం చేశారు. పేరులో ఆసిఫాబాద్ ఊసే లేదు. ధర్నా అప్పుడే చేయాల్సింది.

ఎదుటి పక్షం వకీలు ఊరుకోడు. టేకు చేపలు నదుల్లోకి కూడా ఎక్కి వస్తాయి, నాలుగు పళ్ళు దొరికితే సముద్రం మీదైపోతుందా అంటాడు. పైగా ఆ కాలంలో ఉప్పునీళ్ళు మధ్య భారతంలోకి గోదావరి వైపు నుంచి వచ్చాయా, నర్మద వైపు నుంచి వచ్చాయా అని భూగర్భ శాస్త్రవేత్తల మధ్య వాదన నడిచింది. నీళ్ళు ఎటు నుంచి ఎటు రావాలన్నది మన దగ్గర ఎన్నడైనా తేలిందా? ఒక ట్రిబ్యునల్ వేస్తే ఇంకో 6 కోట్ల ఏళ్ళు హాయిగా గడిచిపోతాయి. ఈలోగా బంగాళాఖాతాన్ని ఆసిఫాబాద్‌కు ఎత్తిపోసే పథకానికి టెండర్లు పిలుచుకోవచ్చు.

అసలు చిక్కు ఏమిటంటే సాక్ష్యం మరీ చిన్నది. టేకు చేపకు గట్టి ఎముకలుండవు, ఒళ్ళంతా మృదులాస్థి. చచ్చాక అది దాదాపుగా మిగలదు. మిగిలేవి పళ్ళు, తోక ముల్లు, చర్మం మీది గరుకు పలుకులు. గుల్లలను నలిపి తినడానికి వీలుగా ఆ పళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని బల్లపరుపుగా అమరి ఉంటాయి. అరిగినవి రాలిపోతుంటే వెనక నుంచి కొత్తవి వస్తుంటాయి. అలా బతికినన్నాళ్ళూ రాల్చుకుంటూ పోయిన పళ్ళే ఇప్పుడు మన ఘన చరిత్ర. ఒక్కోటి కొన్ని మిల్లీమీటర్లు. దీన్ని ఫ్లెక్సీ మీద వేస్తే పక్కన ఎమ్మెల్యే ఫొటో ఏ సైజులో ఉండాలో చెప్పండి. పొలాల్లో తిరుగుతూ సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే బయటపడే రకం కాదిది. మట్టిని బస్తాలకు ఎత్తాలి, ఎండబెట్టాలి, కిరోసిన్‌లో నానబెట్టి తర్వాత నీళ్ళు పోసి విడగొట్టాలి, సన్న జల్లెళ్ళలో కడగాలి, మిగిలిన నలుసులను మైక్రోస్కోప్ కింద పోసి తడి కుంచె మొనతో ఒక్కొక్కటే ఏరాలి. రోజుల తరబడి ఏరినా అందులో ఏమీ ఉండకపోవచ్చు. ఈ పని చేసేవాడికి పిల్లనిచ్చేదెవరు?

అందుకే ఈ విషయంలో హనుమకొండలో రిటైరైన ఒక పెద్దమనిషిని ఆదర్శంగా తీసుకోవాలని నా సూచన. ఆయన డ్రాయింగ్ రూంలో అద్దాల బీరువా, అందులో లైట్లు, లైట్ల కింద సొర చేప దవడలు, టేకు చేప పళ్ళు.

"ఇవి ఎక్కడివి సార్?"

"మొరాకోవి. ఆన్‌లైన్ల తెప్పించిన."

"ఆసిఫాబాద్ల గూడ దొరికినయట గద సార్?"

"ఆసిఫాబాద్‌వి బీరువాల వెట్టుకుంటారయ్యా ఎవరన్న?"

నిజమే. మొరాకోలో ఖురీబ్గా ఫాస్ఫేట్ గనుల నుంచి సొర పళ్ళు, టేకు చేప పళ్ళు కుప్పలుగా వస్తాయి. విడివిడిగా దొరికిన పళ్ళను ఇసుక, జిగురు కలిపిన ముద్దలో పేర్చి దవడ తయారు చేసే పనిమంతులు కూడా అక్కడున్నారు. దీన్ని కొందరు మోసమంటారు. నేను ఒప్పుకోను. ప్రకృతి 6 కోట్ల ఏళ్ళు కష్టపడి పళ్ళు మాత్రమే దాచగలిగితే, ఆ అబ్బాయి ఒక్క మధ్యాహ్నంలో దవడ మొత్తం ఇచ్చాడు. ఇంకా స్తోమత ఉన్నవారికి అమెరికాలోని వయోమింగ్ నుంచి హీలియోబాటిస్ అనే మంచినీటి టేకు చేప తోకతో సహా పలక మీద పరుచుకుని వస్తుంది. గృహప్రవేశానికి అదే మేలు.

ఏ శిలాజం ఏ ఊళ్ళో, ఏ పొరలో దొరికిందో రాసిన చీటీ లేకపోతే దానికి శాస్త్రంలో విలువ ఉండదని చాదస్తులు అంటారు. పెద్దమనిషి బీరువాలో చీటీలు లేవు, అందం పోతుందట. ధర చీటీ మాత్రం తీయలేదు.

మన శిలాజాలకు మన దగ్గర గుర్తింపు లేదనుకోకండి. బయటికి వెళితే బాగానే ఉంటుంది. నాగపూర్‌లో ఉన్న మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ 19వ శతాబ్దంలోనే ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని మాలేరి ఊరి శిలాజాలు సేకరించాడు. యామన్‌పల్లి డైనోసార్ కోటాసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో స్థిరపడింది. ఆదిలాబాద్‌లో పుట్టి హైదరాబాద్‌లో సెటిలవడం వింతేమీ కాదు కాబట్టి దాన్ని తప్పుపట్టను. ప్రాణహిత ఆవలి ఒడ్డున సిరొంచ వైపు వడధంలో మహారాష్ట్ర వాళ్ళు ఫాసిల్ పార్కే పెట్టుకున్నారు. ఈవలి ఒడ్డున మనకు ఇసుక లారీలున్నాయి.

ఆవలి ఒడ్డునే, సిరొంచ వైపే, కోట అనే ఊరు. అక్కడ దొరికిన జురాసిక్ చేపకు 1851లోనే లెపిడోటిస్ దక్కనెన్సిస్ అని పేరు పెట్టారు. ఈ లెపిడోటిస్ జాతి గుండ్రటి పళ్ళను మధ్యయుగాల యూరప్‌లో కప్ప తలలోంచి వచ్చిన రాళ్ళనుకుని, విషానికి విరుగుడని ఉంగరాల్లో పొదిగించుకున్నారు. ఆ వ్యాపారం వరంగల్‌లో ఇంకా ఎవరూ మొదలుపెట్టకపోవడం నాకు అంతుపట్టని సంగతి. మన పూజగదుల్లోని సాలగ్రామం మాత్రం ఏం తక్కువ? నేపాల్ గండకీ నదిలో దొరికే ఆ రాతిలోని చక్రం అమ్మోనైట్ అనే సముద్ర జీవి గుల్ల. హిమాలయం లేవకముందు అక్కడ సముద్రం ఉండేది. సముద్ర శిలాజాన్ని రోజూ కడిగి, తుడిచి, తరతరాలుగా పోగొట్టకుండా కాపాడిన మ్యూజియం మనది. వంతు తప్పితే ఊరుకోని క్యూరేటర్ నాయనమ్మ.

వరంగల్ నగరం కింద మాత్రం ఉన్నది నల్లరాయి, ఎర్రరాయి. అందులో శిలాజాలుండవు. అయితే దిగులుపడక్కర్లేదు. నర్సంపేట దగ్గరి పాకాల చెరువు పేరే పెట్టిన పాకాల శిలలు వంద కోట్ల ఏళ్ళకు పైబడిన లోతులేని సముద్రంలో పేరుకున్నవి. అంటే వరంగల్‌కు సముద్రం ఆసిఫాబాద్ కంటే ముందే వచ్చి పోయింది. కాకతీయులు వచ్చి అక్కడ చెరువు తవ్వించింది ఆ లోటు పూడ్చడానికేనని నా సొంత సిద్ధాంతం.

ఇన్ని ఉన్నాక అడగకుండా ఉండటం తప్పని, శిలాజాల వంటి భూ వారసత్వ సంపదను కాపాడేందుకు కేంద్ర గనుల శాఖ 2022లో ముసాయిదా బిల్లు కూడా విడుదల చేసిందని రాసి, సముద్రంలో వాటా కోరుతూ ఒక కార్యాలయంలో అర్జీ పెట్టాను. రుజువు జతచేయమన్నారు. టేకు చేప పంటి ఫొటోను అసలు సైజులో ముద్రించి ఇచ్చాను. గెజిటెడ్ ఆఫీసర్ సంతకం కావాలన్నారు. సంతకం దొరికింది, స్టాంపు పడింది, పన్ను స్టాంపు కింద పోయింది. ఇంకో కాపీ తెమ్మన్నారు. జిరాక్స్‌లో అది చుక్కలా వచ్చింది. ఇంకు మరకనుకుని గుమస్తా వైట్‌నర్ పూశాడు.