ఓటుకు కవరెందుకు, బాండివ్వండి

ఓటుకు నోటు పుచ్చుకునే మా బెజవాడ వాళ్లను చూస్తే తల కొట్టేసినట్టుంటుంది. పుచ్చుకున్నందుకు కాదు, పుచ్చుకునే తీరుకి. అర్ధరాత్రి తలుపు తట్టడం, జాబితాలో టిక్కు పెట్టడం, పక్కింటికి ఎంతిచ్చారని ఆరా తీయడం... పైగా ఇచ్చినా పుచ్చుకున్నా నేరమేనట, ఏడాది దాకా జైలట.

పెద్ద కంపెనీలకు ఈ అవస్థ తప్పించడానికే 2018లో ఎన్నికల బాండ్లు తెచ్చారు. ఎంత మర్యాదైన ఏర్పాటు! స్టేట్ బ్యాంకులో వెయ్యి నుంచి కోటి దాకా కావలసిన కాగితం కొనుక్కుని నచ్చిన పార్టీ చేతిలో పెట్టడమే. పైన పేరుండదు. పార్టీ 15 రోజుల్లో సొమ్ము చేసుకోవాలి, అంతే. ఇచ్చినవాడికి ఆదాయపు పన్ను మినహాయింపు కూడాను. ఎవరిచ్చారో ఓటరుకి చెప్పరు. తెలిస్తే పాపం మనసు పాడుచేసుకుంటాడని.

అంతకుముందు మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం మించి కంపెనీలు చందా ఇవ్వకూడదనేవారు. 2017లో ఆ అడ్డు తీసేశారు. నష్టాల్లో మునిగిన కంపెనీకి కూడా దానకర్ణుడయ్యే భాగ్యం దక్కింది. ఈ త్యాగం గురించి బీసెంట్ రోడ్డులో చేతిరుమాళ్లు అమ్ముకునే బాబాయికి చెప్పాను.

"నష్టమొస్తే చందా ఎట్టా ఇస్తారండీ?"

"ప్రజాస్వామ్యం మీద ప్రేమ, బాబాయ్."

"నాకూ నష్టమేగా. నా దగ్గర ఆశీలే వసూలు చేస్తారు, చందా ఎవరూ అడగరేం?"

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఓటరుకి తెలుసుకునే హక్కుందట. వివరాలివ్వడానికి బ్యాంకు జూన్ 30 దాకా గడువడిగింది. సబబే కదా? మే 13న ఓటేసి, జూన్ 4న ఫలితాలు చూసుకుని, ఆపైన తీరిగ్గా చదువుకునేవాళ్లం. కోర్టు వింటేగా!

జాబితా బయటికొచ్చింది. అందరికన్నా ఎక్కువగా, 1,368 కోట్లకు, బాండ్లు కొన్నది ఓ లాటరీ కంపెనీ. అదృష్టం అమ్మేవాళ్లు దాన్ని నమ్ముకోరన్నమాట. ఇక మన రాష్ట్రంలో ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు పార్టీలూ పుచ్చుకున్నవాళ్ల వరసలో ఒద్దికగా ఉన్నాయి.

కంపెనీలకు ఎటూ పోయింది గనక ఆ బాండేదో మాకివ్వండి. పేరు లేకుండా, పన్ను లేకుండా, పట్టపగలు బ్యాంకులో మార్చుకుంటాం. పుచ్చుకున్నవాడు ఇచ్చినవాడి పనే చేసిపెట్టాలన్న నియమం మాత్రం మాకు పెట్టొద్దు. అది పెద్దమనుషుల మధ్య ఉండే ఒప్పందం. మేం డబ్బు తీసుకుని కూడా మాకు నచ్చినవాడికే గుద్దొస్తాం. అంత నిజాయితీ మావల్ల కాదు.